చుట్ట రుచి, అంగిలి సాక్ష్యం

చుట్టకు నూటికి ఇన్నని మార్కులు వేసే పద్ధతి ఒకటి ప్రపంచంలో నడుస్తోంది. 1992లో అమెరికాలో మొదలైన ‘సిగార్ అఫిషియొనాడో’ పత్రిక దానికి బాగా ప్రచారం తెచ్చింది. క్యూబా, నికరాగువా, డొమినికన్ రిపబ్లిక్‌లలో చేత్తో చుట్టిన ఖరీదైన సిగార్ల మీద ఉండే కంపెనీ పట్టీ తీసేసి, ఉత్త అంకె వేసి, రుచి చూసేవాళ్ళ చేతికిస్తారు. ఏ కంపెనీదో తెలియకుండానే వాళ్ళు దాని రూపానికి, పనితనానికి, కాలే తీరుకు, రుచికి విలువ కడతారు. శ్రీకాకుళం జిల్లాలో జరిగిన లెక్క వేరే. 1960ల్లో పరిశోధకులు ఇక్కడి పల్లెలు తిరిగి, చుట్ట కాల్చేవాళ్ళ చేత నోరు తెరిపించి, అంగిలి ఎలా ఉందో చూసి రాసుకున్నారు. మొదటి లెక్కలో పొగ సంగతంతా ఉంది, పొగ తగిలిన నోటి సంగతి లేదు. రెండో లెక్కలో నోటి సంగతంతా ఉంది, ఆ నోరు ఎరిగిన రుచి లేదు. రెండిటినీ ఒకే కాగితం మీదికి తెచ్చేదాకా చుట్ట మీద ఎవరు చెప్పిన తీర్పైనా సగం తీర్పేనని నా వాదన.

ఖరీదైన సిగార్‌కూ మన చుట్టకూ పోలికేమిటని మొదటే అడగవచ్చు. ఒకటి గాజు తలుపుల గదిలో, తేమ కొలిచే పెట్టెలో పడుకుని ఉండేది. ఇంకొకటి మొలలోనో చెవి మీదో ఉండేది. కానీ ‘ప్రీమియం సిగార్’ అంటే ఏమిటన్న ప్రశ్న అమెరికా కోర్టుల దాకా వెళ్ళింది. 2023లో అక్కడి ఫెడరల్ కోర్టు, ప్రభుత్వం పెట్టిన నిబంధనలను ఈ రకం సిగార్ల వరకు కొట్టేసినప్పుడు, దేన్ని ప్రీమియం అనాలో గుర్తులు చెప్పింది. పైన చుట్టింది పూర్తి పొగాకు ఆకై ఉండాలి. లోపల బిగించే ఆకు కూడా పొగాకే కావాలి. నడుమ నింపిన దానిలో కనీసం సగం పొడుగాకు ఉండాలి. చేత్తో చుట్టినదై ఉండాలి. ఫిల్టర్ ఉండకూడదు, పొగాకు వాసన తప్ప వేరే వాసన కలపకూడదు, పొగాకు, నీళ్ళు, చెట్టు జిగురు తప్ప మరొకటి చేరకూడదు. వెయ్యి సిగార్లు 6 పౌండ్లకు మించి తూగాలి, అంటే ఒక్కొక్కటి రెండు మూడు గ్రాముల పైన ఉండాలి. ఉత్తరాంధ్ర పల్లెలో ఈనె తీసి, ఆకు పరిచి, ముక్కలు పేర్చి, పైఆకుతో బిగించి చుట్టిన చుట్ట వీటిలో చాలా పరీక్షలు నెగ్గుతుంది. బిగించే ఆకు విడిగా ఉండకపోవచ్చు, బరువు చెయ్యిని బట్టి మారవచ్చు. అసలు తేడా ఆకు జాతిలో, చేతి పనిలో కంటే ఏరివేతలో, ఏళ్ళ తరబడి మగ్గబెట్టడంలో, ప్రతి చుట్టా ముందుదానిలాగే ఉండేలా చూసే అజమాయిషీలో ఉంది. ఆ అజమాయిషీకి పెట్టుబడి కావాలి. అది పెట్టినచోట చుట్ట సిగార్ అయింది, పెట్టనిచోట చుట్టగానే మిగిలింది.

శ్రీకాకుళం జిల్లా పాతపట్నం ఈ సంగతి ఆలోచించడానికి తగిన చోటు. మహేంద్రతనయ నది ఒడ్డున, ఒడిశా సరిహద్దు అంచున ఉన్న ఊరు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పక్కనున్న పర్లాకిమిడి అటు వెళ్ళింది, పాతపట్నం ఇటు ఉండిపోయింది. పొగకు మాత్రం ఆ గీత అడ్డు కాలేదు. ఇటు చుట్ట, అటు ఆకులో పొగాకు చుట్టి కాల్చే పిక్క, ఎగువ కొండల్లో గిరిజనుల పొగ అలవాట్లు, అన్నీ ఒకే సంతకు దిగే మనుషులవి. విజయనగరం వైపు వస్తే చుట్టకు సాహిత్యంలోనే పీట పడింది. 1892లో మొదటిసారి ఆడిన ‘కన్యాశుల్కం’లో గిరీశం చేతిలో చుట్ట లేకుండా ఊహించుకోలేం, గురువు దగ్గర శిష్యుడికి పట్టుబడిన విద్యల్లో అదీ ఒకటి. ఇంతగా జీవితంలో కలిసిపోయిన వస్తువును ఎలా ఎంచాలో ఇక్కడి మనుషులకు తెలియదనుకోవడం తప్పు.

ఎంచడం ఆకు దగ్గరే మొదలవుతుంది. పొగాకు మొక్కకు అడుగాకు, నడిమాకు, తలాకు ఒక్కటి కావు. అడుగాకు పలచన, తేలిగ్గా కాలుతుంది, ఘాటు తక్కువ. తలాకు మందం, ఎండ ఎక్కువ తిన్నది, నికోటిన్ ఎక్కువ, నిదానంగా కాలుతుంది. పూత రాగానే తల తుంచి, పిలకలు తీసేస్తే మొక్క బలమంతా ఆకుల్లోకి పోయి ఘాటు ఇంకా పెరుగుతుంది. హవానాలో చుట్టేవాళ్ళు ఈ మూడింటినీ పాళ్ళు చూసి కలుపుతారు: కాలడానికి ఒకటి, వాసనకు ఒకటి, బలానికి ఒకటి. మన దగ్గర చుట్ట పొగాకుకు పేరు తెచ్చినవి గోదావరి లంకలు. ప్రతి వరదకూ కొత్త ఒండ్రు పడే ఆ నేలలో పండే లంక పొగాకును గుంటూరు, ప్రకాశం వైపు సిగరెట్ పొగాకులా బ్యారన్‌లో వేడి పెట్టి పసుపు రంగుకు తేరు. ఎండకూ గాలికీ ఆరబెడతారు. నేలలోనో నీళ్ళలోనో ఉప్పు ఎక్కువైతే ఆకులో క్లోరైడ్ చేరి, ఎంత మంచి రంగున్నా ఆకు సరిగా కాలదు, నిప్పు మాటిమాటికీ ఆరిపోతుంది. అందుకే పొగాకు సాగులో నీటి పరీక్షకు అంత విలువ. 1947లో రాజమండ్రిలో పెట్టిన కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ తమిళనాడులోని వేడసందూర్‌లో సిగార్, చుట్ట రకాలకు విడిగా ఒక కేంద్రం నడిపిందంటే, చుట్టాకు శాస్త్రం సిగరెట్టాకు శాస్త్రానికి వేరని గుర్తించినట్టే.

ఆరిన ఆకు వెంటనే కాల్చడానికి పనికిరాదు. మండె కట్టాలి. పదును మీద ఉన్న ఆకును పేర్చి మండె వేస్తే లోపల తనంతట తనే వేడి పుడుతుంది. వేడి ఎక్కువైతే ఆకు కుళ్ళుతుంది కాబట్టి తిరగేసి మళ్ళీ పేర్చాలి. ఆ వేడిలో అమోనియా బయటికి పోతుంది, నికోటిన్ కొంత తగ్గుతుంది, పచ్చి వాసన విరిగి కమ్మదనం వస్తుంది. గొంతు పట్టేసే చుట్టకూ, ఘాటున్నా మెత్తగా దిగే చుట్టకూ తేడా చాలావరకు ఈ మండెలోనే తేలిపోతుంది. క్యూబాలో మంచి ఆకును ఇలా ఒకటికి రెండుసార్లు మగ్గబెట్టి, తర్వాత ఏళ్ళపాటు దాస్తారు. పల్లెలో కూలి డబ్బుతో ఆ పూటకు పొగాకు కొనుక్కునే మనిషికి ఆ వ్యవధి దొరకదు. చుట్ట మోటుగా ఉంటుందన్న మాటలో నిజం ఉంది. ఆ మోటుదనం పేదరికం వల్ల వచ్చిందే, చుట్టినవాళ్ళ అజ్ఞానం వల్ల కాదు.

ఇక చుట్ట చేతికొచ్చాక చూడవలసినవి. ముందు వేళ్ళతో నొక్కి చూస్తారు: ఎక్కడా గట్టి ముడి ఉండకూడదు, ఎక్కడా బోలు ఉండకూడదు. ముట్టించకుండానే గాలి పీల్చి చూస్తారు: బిగువు ఎక్కువైతే పొగ రాదు, వదులైతే గాలి దూసుకొచ్చి ఆకు మండిపోతుంది. ముట్టించాక నిప్పు అంచు గుండ్రంగా, సమంగా నడుస్తోందా అని చూస్తారు. నుసి పొడుగ్గా నిలిచిందంటే లోపల పొడుగాకు ఉందని, పొడిపొడిగా రాలిందంటే ముక్కలు నింపారని అర్థం. నాలుకకు తెలిసేది తీపి, పులుపు, ఉప్పు, చేదు, మాంసపు రుచి మాత్రమే. రుచి అని మనం అనుకునే దానిలో పెద్ద భాగం నోటి వెనక నుంచి ముక్కుకెక్కే వాసన. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు పొగ కొంచెం ముక్కులోంచి వదిలి చూస్తారు. మొదటి భాగం, నడిమి భాగం, చివరి భాగం వేర్వేరుగా ఎంచుతారు. చివరికొచ్చేసరికి తారు, నికోటిన్ పేరుకుని చేదు పెరుగుతుంది.

ఈ పరీక్షలన్నిటి వెనకా ఒకటే సూత్రం కనిపిస్తుంది: నిప్పును నోటికి దూరంగా ఉంచడం. సిగార్ పొడుగు పొగను చల్లార్చే దారి. బిగువు సరిగా ఉండడం, ఆకులో పదును ఉండడం, నిమిషానికి ఒక దమ్ముకు మించి లాగవద్దని చెప్పడం, అన్నీ నిప్పు వేడెక్కకుండా కాపాడే పద్ధతులే. వేడెక్కిన చుట్ట చేదెక్కుతుంది, నాలుక చురుక్కుమంటుంది, సన్నని వాసనలు మాడిపోతాయి. రుచి నిపుణులు చెప్పకుండానే చెప్పిన మాట ఇది: వేడి రుచికి శత్రువు.

ఇదంతా ఎవరి నోటికి వారిది, దీనికి మార్కులేమిటని ఒక అభ్యంతరం. అందులో కొంత న్యాయం ఉంది. తోలు వాసన, కోకో, ఎండుఫలాలు, సీడర్ చెక్క అంటూ విదేశీ పత్రికలు రాసే వర్ణనల్లో రాసేవాడి ఊహ చాలా కలుస్తుంది. సీడర్ మాత్రం కొంత నిజమే, సిగార్లను తరచు స్పానిష్ సీడర్ అనే చెక్క పెట్టెల్లో దాస్తారు. అయినా పొగ లాగడం సులువా కష్టమా, నిప్పు సమంగా నడిచిందా లేదా, నుసి నిలిచిందా రాలిందా అన్నవి ఊహలు కావు. ఇద్దరు మనుషులు విడివిడిగా చూసినా ఒకే మాట చెప్పగలిగినవి. పట్టీ విప్పి పరీక్ష పెట్టడానికి కారణం కూడా అదే: పేరు, ధర తెలిస్తే నాలుక వాటికే మొగ్గుతుంది. అందుచేత రుచి పరీక్షను డబ్బున్నవాళ్ళ కాలక్షేపమని కొట్టిపారేయను. వస్తువును శ్రద్ధగా గమనించడం అందులో ఉంది, మంచీచెడూ విడదీసే నిజాయితీ ఉంది. ఆ నిజాయితీ నోటి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోవడమే నా ఫిర్యాదు.

సిగార్ కాల్చేవాళ్ళు తరచు చెప్పే సమాధానం ఒకటుంది: మేం పొగ లోపలికి పీల్చం, నోటిలో తిప్పి వదిలేస్తాం, కాబట్టి ప్రమాదం లేదు. ఈ మాటను ఆకే ఖండిస్తుంది. బ్యారన్‌లో వేడి పెట్టిన సిగరెట్టాకులో చక్కెర మిగులుతుంది, దాని పొగకు ఆమ్ల గుణం ఉంటుంది; అందులోని నికోటిన్ నోటి పొరలోంచి అంతగా దిగదు, ఊపిరితిత్తుల దాకా పీలిస్తేనే ఎక్కుతుంది. ఎండకూ గాలికీ ఆరి మండెలో మగ్గిన చుట్టాకు పొగకు క్షార గుణం ఉంటుంది. క్షార పొగలో నికోటిన్ నోటి పొరలోంచే రక్తంలోకి దిగుతుంది. పీల్చకుండానే తల తిమ్మిరెక్కడానికి అదే కారణం. అంటే సిగార్‌లోనూ చుట్టలోనూ పొగ పని చేసేది నోటి మీదే. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 1998లో సిగార్ల మీద ప్రచురించిన పెద్ద నివేదిక, పీల్చని వాళ్ళకూ నోటి, గొంతు, అన్నవాహిక క్యాన్సర్ ముప్పు ఉందని తేల్చింది. కొన్ని పెద్ద సిగార్లలో ఒక సిగరెట్ పెట్టెకు సరిపడా పొగాకు ఉంటుంది. రుచి చూడడానికి వాడే అవయవం ఏదో, దెబ్బ తినేదీ అదే.

ఆ దెబ్బ ఎంతదాకా పోగలదో లోకానికి చూపిన చోటు మన తీరం. శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా పల్లెల్లో, ముఖ్యంగా ఆడవాళ్ళలో, నిప్పున్న కొనను నోటిలో పెట్టుకుని కాల్చే అలవాటు ఉంది. అడ్డపొగ అంటారు. గాలికి ఆరిపోదని, నుసి పని మీద రాలదని, చాలాసేపు వస్తుందని కారణాలు చెబుతారు. సముద్రపు గాలిలో, పొలంలో వంగి పని చేసేవాళ్ళకు అవి సరైన కారణాలే. సిగార్ శాస్త్రం నిప్పును ఎంత దూరం పెట్టిందో అడ్డపొగ దాన్ని అంత దగ్గరికి తెచ్చింది. నిప్పుకొన నోటిలో పెట్టి సిగరెట్ కాల్చడం మీద 1965లో విదేశాల్లో ప్రచురించిన కొలతల్లో నోటిలోని గాలి 120 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కింది. అంగిలి రోజూ ఆ వేడి కిందే ఉంటుంది.

విశాఖపట్నం వైద్యులు అంగిలి క్యాన్సర్‌ను 1930ల నుంచీ గమనిస్తూ వచ్చారు. 1945లో వి.ఆర్. ఖానోల్కర్, బి. సూర్యాబాయి అలవాట్ల వల్ల వచ్చే క్యాన్సర్ల మీద రాసిన వ్యాసంలో దీన్ని లోకం ముందు పెట్టారు. 1957లో డి.జి. రెడ్డి, వి.కె. రావు కోస్తాంధ్ర అంగిలి క్యాన్సర్‌కు నిప్పుకొన నోటిలో పెట్టడమే కారణమని పేరుపెట్టి మరీ రాశారు. వేరేచోట్ల గట్టి అంగిలి మీద క్యాన్సర్ అరుదు. ఇక్కడ అది మామూలు రోగుల వరుసలో నిలబడింది. తర్వాత బొంబాయిలోని టాటా ఫండమెంటల్ రీసెర్చ్ సంస్థకు చెందిన ఫలీ మెహతా, ప్రకాశ్ గుప్తా బృందం, కోపెన్‌హాగన్ దంతవైద్య శాస్త్రవేత్త యెన్స్ పిండ్‌బోర్గ్‌తో కలిసి దేశంలో అయిదు జిల్లాల్లో 50,915 మందిని పరీక్షించింది. ఆ అయిదింటిలో శ్రీకాకుళం ఒకటి. ఇక్కడి 10,169 మంది గ్రామస్థుల అంగిళ్ళ మీద వాళ్ళ వ్యాసం 1971లో వచ్చింది. విజయనగరం జిల్లా 1979లోగానీ పుట్టలేదు కాబట్టి ఆనాటి శ్రీకాకుళం జిల్లా ఇప్పటికంటే పెద్దదని గుర్తుంచుకోవాలి. అంగిలి మీద తెల్ల పూత, ఎర్ర మచ్చలు, రంగు పోయిన చోట్లు, పుండ్లు, ఇలా మార్పులన్నిటినీ రకాలు చేసి రాశారు. సిగార్ మార్కుల పట్టికలో ఉండే శ్రద్ధకు ఇది ఏమాత్రం తీసిపోదు.

ఇక్కడ ఇంకో అభ్యంతరం వస్తుంది. అది అడ్డపొగ తెచ్చిన కీడు, చుట్టను సవ్యంగా కాల్చేవాడికీ సిగార్ కాల్చేవాడికీ అంటగట్టడమెందుకు? ముప్పు ఒకే స్థాయిలో లేదన్నది నిజం. అడ్డపొగ వాళ్ళ అంగిలికి ఉన్నంత ప్రమాదం సవ్యంగా కాల్చేవాళ్ళకు లేదు. 2022లో అమెరికా జాతీయ అకాడమీలు ప్రీమియం సిగార్ల మీద ఇచ్చిన నివేదిక కూడా, ఎప్పుడో ఒకటి కాల్చేవాళ్ళకూ రోజూ కాల్చేవాళ్ళకూ తేడా ఉందని, ముప్పు ఎన్ని కాలుస్తారన్న దాన్ని బట్టి, ఎంత పీలుస్తారన్న దాన్ని బట్టి మారుతుందని చెప్పింది. ఆ తేడాను దాచను. కానీ స్థాయి వేరైనా దారి ఒకటే. ప్రపంచంలో ఎక్కడైనా ఏళ్ళ తరబడి పైపు, సిగార్ కాల్చేవాళ్ళ గట్టి అంగిలి బూడిద రంగు తెలుపెక్కి, మధ్యమధ్య ఎర్రని చుక్కలు తేలడం దంతవైద్యులకు బాగా తెలిసిన సంగతి. ఆ చుక్కలు వాచిన లాలాజల గ్రంథుల నోళ్ళు. వేడి చేసిన గుర్తు అది. సవ్యంగా కాల్చేవాళ్ళలో అది మానేస్తే చాలావరకు తగ్గుతుంది, క్యాన్సర్‌కు దారి తీయడం అరుదు. అడ్డపొగ వాళ్ళలో అదే మార్పు ముదిరి ప్రమాదకరమవుతుంది. వేడి రుచికి శత్రువని చెప్పే నిపుణుడు, అదే వేడి తన అంగిలి మీద వదిలిన గుర్తును మార్కుల పట్టికలో ఎందుకు రాయడు?

రుచి గురించి రాయడమే పొగకు ప్రచారం కదా అని అడిగేవాళ్ళకు నా జవాబు ఇది. మన దేశంలో 2003 చట్టం పొగాకు ప్రకటనలను నిషేధించింది, అది సరైన పని. అయితే ఏళ్ళ తరబడి చుట్ట కాల్చిన అమ్మమ్మ దగ్గరికి వెళ్ళి, నువ్వు చేస్తున్నదంతా తెలివితక్కువ పని అని మొదలుపెడితే ఆమె వినదు, వినవలసిన అవసరమూ లేదు. ఏ పొగాకు మెత్తన, ఏది గొంతు పడుతుంది, ఏ కాడ పదును మీద ఉంది, ఎంత బిగువుగా చుడితే ఎంతసేపు నిలుస్తుంది అన్నవి ఆమెకు క్యూబా నిపుణుడికి తెలిసినంతగా తెలుసు. ఆ తెలివిని గౌరవించి మాట్లాడినవాళ్ళకే అంగిలి గురించి కూడా ఆమె చెవి ఇస్తుంది. ఎర్నాకుళం, భావ్‌నగర్, శ్రీకాకుళం పల్లెల్లో 36 వేలకు పైగా పొగాకు వాడేవాళ్ళను ఏళ్ళపాటు పదేపదే కలిసి, నోరు చూసి, మాట్లాడిన అధ్యయనం ఫలితాలు 1986లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చాయి. అలా కలిసి మాట్లాడినచోట మానినవాళ్ళూ తగ్గించినవాళ్ళూ ఎక్కువయ్యారు, నోటిలో కొత్తగా తెల్ల మచ్చలు రావడం తగ్గింది. చట్టం, పెట్టె మీది హెచ్చరిక బొమ్మ ఇక్కడ పెద్దగా పని చేయవు. ఇంట్లో చుట్టుకునే చుట్టకు పెట్టే లేదు, బొమ్మా లేదు.

కాబట్టి రెండు పట్టికల్నీ కలిపే పని ఇక్కడే, ఈ జిల్లాల్లోనే మొదలవాలి. ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్త కాగితంలో అలవాటు ఉందా లేదా అన్న ఒక్క గడి చాలదు. పొగాకు ఎక్కడిది, రోజుకు ఎన్ని, సవ్యంగానా అడ్డంగానా, ఎన్నేళ్ళ నుంచి, నోటిలో చురుకు ఎప్పుడు తగ్గింది, కూర కారం ఇదివరకటిలా తెలుస్తోందా అన్నవీ అడగాలి. జవాబు ఏదైనా చుట్ట కాల్చేవాళ్ళందరి చేత నోరు బాగా తెరిపించి, తల వెనక్కి వంచి, టార్చి వెలుగులో అంగిలి మొత్తం చూడాలి. కట్టుడు పళ్ళుంటే తీయించి చూడాలి. తెల్లగా గరుకైన చోటు, ఎర్రగా మెరిసే చోటు, రెండు మూడు వారాలైనా మానని పుండు, ఈ మూడింటిలో ఏది కనబడినా శ్రీకాకుళం ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికి, అక్కడి నుంచి అవసరమైతే విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి పంపాలి. చిన్న ముక్క తీసి పరీక్షిస్తే సంగతి తేలుతుంది, తొలి దశలో దొరికిన అంగిలి జబ్బుకు వైద్యం ఉంది. రుచి నిపుణులు కూడా ఇదే పద్ధతి తమకు పెట్టుకోవాలి: ఏటా ఒకసారి దంతవైద్యుడి కుర్చీలో కూర్చుని, తమ అంగిలి మీద ఆయన ఏం రాశాడో మార్కుల పట్టిక పక్కనే అచ్చు వేయాలి.